కాంటా నుంచి కంప్యూటరు తెరదాకా: సీరియల్ డ్రైవరు చేసే పని

ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలతో వచ్చే బండ్లైనా, జమ్మికుంట జిన్నింగు మిల్లులకు పత్తి మోసే లారీలైనా, భూపాలపల్లి, రామగుండం గనుల నుంచి బొగ్గుతో కదిలే టిప్పర్లైనా ఎక్కడో ఒకచోట వేబ్రిడ్జి ఎక్కక తప్పదు. కాంటా కింద ఉన్న లోడ్ సెల్‌ల సంకేతాన్ని ఇండికేటరు అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు సాధారణంగా ఒక సీరియల్ కేబులు గుండా పక్కనున్న కంప్యూటరుకు చేరి, తూకం చిట్టీ మీద అచ్చవుతాయి. ఇళ్ళలోని కంప్యూటర్ల వెనుక నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు కనుమరుగై చాలా కాలమైంది. అయినా 1960లో తొలిరూపు దిద్దుకున్న ఆర్ఎస్-232 ప్రమాణం కాంటా గదుల్లో, సబ్‌స్టేషన్ల ప్యానెళ్ళలో, కాలేజీ ప్రయోగశాలల్లో ఇప్పటికీ పనిలోనే ఉంది. మూడు తీగలతో నడిచిపోయే ఇంత చవకైన, ఇంత సులువైన ఏర్పాటు మరొకటి లేకపోవడమే దానికి కారణం.

కేబులు కంప్యూటరుకు తగిలిన చోటికీ, తూకం ప్రోగ్రాము చేతికి అంకె అందిన చోటికీ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అందులో సీరియల్ చిప్పుతో నేరుగా మాట్లాడే భాగమే డ్రైవరు. బైట్లను ఇటు నుంచి అటు చేర్చడమే దాని పని అని పైకి అనిపిస్తుంది గానీ, అసలు భారం కాలానికి సంబంధించినది. తీగ మీద వచ్చేది ఎడతెగని బైట్ల వరుస. ఒక తూకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ తీగ చెప్పదు. ఏ బైటును ఎంతసేపు ఆపి ఉంచాలి, ఎప్పుడు పైకి అందించాలి, దేన్ని మార్చాలి, దేన్ని మింగేయాలి అన్న నిర్ణయాలన్నీ దారిలోని పొరలు తీసుకుంటాయి. కేబులు ఖరాబైందని తేల్చేసి కొత్తది కొనుక్కొచ్చినా పోని లోపాలకు మూలం తరచుగా ఈ నిర్ణయాల్లోనే దొరుకుతుంది. లోపలి కోడు అందరికీ అందుబాటులో ఉన్నది కాబట్టి ఇక్కడి వివరణ ప్రధానంగా లినక్స్‌ను ఆధారం చేసుకుంటుంది.

ముందుగా తీగ సంగతి. సీరియల్ తీగ మీద గడియారపు సంకేతం విడిగా ఉండదు కనుక రెండు కొసలూ వేగాన్ని ముందే ఒప్పుకొని ఉండాలి. తీగ ఖాళీగా ఉన్నప్పుడు 1 స్థితిలో ఉంటుంది. ఆర్ఎస్-232లో ఇది మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉండే వోల్టేజీ. అది ప్లస్ వైపుకు, అంటే 0 స్థితికి మారిన క్షణమే ప్రారంభ బిట్టు. దాని వెనుక డేటా బిట్లు, తక్కువ విలువ గలది ముందుగా, ఒకటొకటిగా వస్తాయి. కావాలనుకుంటే 1 బిట్ల మొత్తం సంఖ్యను సరిగానో బేసిగానో చేసే ఒక ప్యారిటీ బిట్టు, చివర ముగింపు బిట్టు ఉంటాయి. అందుకునే యూఏఆర్‌టీ అనే సీరియల్ చిప్పు ప్రారంభ బిట్టు కనబడగానే తన లెక్కను మొదటికి తెచ్చుకొని, సాధారణంగా బిట్టు వేగానికి 16 రెట్ల గడియారంతో ప్రతి బిట్టు నడిమధ్యలో తీగను చూస్తుంది. ముగింపు బిట్టు మధ్యకు చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది కాబట్టి, రెండు కొసల గడియారాల మధ్య మొత్తం తేడా 5 శాతం దగ్గరికి వస్తే చదువు తప్పుతుంది. ఆ 5 శాతంలో రెండు కొసలకూ వాటా ఉంటుందని, తీగ మీద అంచుల వంపు కూడా కొంత తినేస్తుందని గుర్తుంచుకుంటే, ఒక్కో వైపు 2 శాతం దాటకుండా చూసుకోవడమే క్షేమం. ఉదాహరణకు 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ మీద నడిచే చిన్న మైక్రోకంట్రోలరు 16 రెట్ల పద్ధతిలో 115200 వేగాన్ని కోరితే, భాగహారంలో 8.68 వస్తుంది, దాన్ని 9గా తీసుకుంటే అసలు వేగం 111111కు పడిపోయి, 3.5 శాతం తేడా అక్కడే వచ్చి కూర్చుంటుంది.

వేగం సరిగ్గా కుదిరినా అమరిక తప్పితే మరింత చిత్రమైన లోపం పుడుతుంది. ఇండికేటరు ఏడు డేటా బిట్లు, సరి ప్యారిటీ, ఒక ముగింపు బిట్టుతో పంపుతుండగా కంప్యూటరును ఎనిమిది డేటా బిట్లు, ప్యారిటీ లేకుండా, ఒక ముగింపు బిట్టుకు అమర్చారనుకుందాం. రెండు పద్ధతుల్లోనూ ప్రారంభ బిట్టుతో కలిపి పది బిట్లే కాబట్టి చిప్పుకు ఏ తప్పూ కనబడదు. అవతలివారి ప్యారిటీ బిట్టు మాత్రం ఇవతల ఎనిమిదో డేటా బిట్టుగా మారుతుంది. అక్షరాలకూ అంకెలకూ బిట్ల రూపమిచ్చే ఆస్కీ సంకేతాల్లో 0, 3, 5, 6, 9 అంకెలకు 1 బిట్ల సంఖ్య సరిసంఖ్యే కనుక అవి చక్కగా కనిపిస్తాయి. 1, 2, 4, 7, 8 అంకెలు పిచ్చి గుర్తులుగా మారతాయి. ఖాళీ కాంటా మీద వరుసగా సున్నాలు కనబడుతున్నంత సేపు అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. 9,560 కిలోల బండి కూడా సరిగ్గానే తూగుతుంది. 12,480 కిలోల లారీ ఎక్కగానే తెర మీద చెత్త పడుతుంది. లోపం లారీదో లోడ్ సెల్‌దో అనుకునే అవకాశం ఇక్కడ చాలా ఎక్కువ.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ సీరియల్ పోర్టుకు నేషనల్ సెమీకండక్టర్ వారి 8250 చిప్పును వాడింది. ఈనాటి పీసీ డ్రైవర్లు కూడా ఆ చిప్పు రిజిస్టర్ల, అంటే లోపలి చిన్న నిల్వ గళ్ళ, అమరికనే అనుసరిస్తున్నాయి. చిప్పుకు ఎనిమిది చిరునామాలు: మొదటి దాన్ని చదివితే వచ్చిన బైటు, దానిలో రాస్తే పోవలసిన బైటు, తర్వాతివి ఇంటరప్టుల (చేస్తున్న పని ఆపి తనవైపు చూడమని ప్రాసెసరుకు ఇచ్చే పిలుపుల) అనుమతి, ఇంటరప్టు కారణం, బైటు అమరిక, మోడెం తీగల అదుపు, తీగ స్థితి వంటివి. మొదటి పోర్టు చిరునామా 3ఎఫ్8, దాని ఇంటరప్టు 4. రెండోది 2ఎఫ్8, ఇంటరప్టు 3. చిరునామాలు చాలక, వేగాన్ని నిర్ణయించే భాజకాన్ని కూడా మొదటి రెండు చిరునామాల్లోనే దాచారు. అమరిక రిజిస్టరులో ఒక బిట్టును ఎత్తినప్పుడు మాత్రమే అది అందుతుంది. 1.8432 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 16తో భాగిస్తే 115200. భాజకం 12 అయితే 9600. ప్రోగ్రాము వేగం మార్చమని అడిగిన ప్రతిసారీ డ్రైవరు చేసే లెక్క ఇదే. ఆ బిట్టును తిరిగి దించడం మరిచిపోతే, తర్వాత పంపిన బైటు తీగ మీదకు పోకుండా భాజకంలోకి పోతుంది. అందుకే ఈ నాలుగైదు అడుగులను డ్రైవరు మధ్యలో మరొకరు చొరబడకుండా లాక్ పట్టుకొని చేస్తుంది.

8250లో అందిన బైటును నిలుపుకునే చోటు ఒక్కటే. 9600 వేగంలో సెకనుకు 960 బైట్లు వస్తాయి గనుక ఒక్కో బైటుకు 1.04 మిల్లీసెకన్లు. ఆలోగా ప్రాసెసరు వచ్చి తీసుకోకపోతే కొత్త బైటు పాతదాన్ని చెరిపేస్తుంది. 115200 వేగంలో ఈ గడువు 87 మైక్రోసెకన్లకు కుదించుకుపోతుంది. డిస్కు పనిలోనో నెట్‌వర్కు పనిలోనో ఇంటరప్టులు కాసేపు మూసి ఉంటే చాలు, బైట్లు పోతాయి. దీనికి విరుగుడుగా 16550 చిప్పులో 16 బైట్ల ఫైఫో, అంటే ముందొచ్చింది ముందుగా పోయే వరుస నిల్వ, వచ్చింది. అయితే తొలి 16550లో ఆ ఫైఫోయే లోపభూయిష్టం. సరిచేసిన 16550ఏతోనే అది నిజంగా అక్కరకొచ్చింది. కనుకనే చిప్పు రకాన్ని కనిపెట్టే పని డ్రైవరుకు తప్పలేదు. ఫైఫోను తెరవమని ఆదేశించి, ఇంటరప్టు కారణపు రిజిస్టరులోని పై రెండు బిట్లను చూస్తే విషయం తెలుస్తుంది: రెండూ 1 అయితే 16550ఏ, పైది ఒక్కటే 1 అయితే చెడ్డ ఫైఫో ఉన్న 16550, రెండూ 0 అయితే అంతకన్నా పాతది. పాతవాటిలో 8250నూ దాని తర్వాతి 16450నూ వేరు చేయడానికి, దేనికీ పనికిరాని ఒక ఖాళీ రిజిస్టరులో ఏదో విలువ రాసి, అది నిలుస్తోందో లేదో చూస్తారు. కాగితాల మీద ఏం రాసి ఉన్నా చిప్పునే అడిగి తెలుసుకోవడం ఈ రంగంలో మంచి అలవాటు.

ఫైఫోలో ఎన్ని బైట్లు చేరాక ఇంటరప్టు రావాలో డ్రైవరు ఎంచుకోవచ్చు: 1, 4, 8 లేదా 14. 14 ఎంచుకుంటే ఇంటరప్టులు తగ్గుతాయి. కానీ 115200 వేగంలో మిగిలిన రెండు చోట్లూ నిండడానికి పట్టే సమయం దాదాపు 174 మైక్రోసెకన్లే. 8 ఎంచుకుంటే దాదాపు 694 మైక్రోసెకన్ల వెసులుబాటు దొరుకుతుంది. లినక్స్ 16550ఏకు సాధారణంగా ఈ విలువనే పెడుతుంది. ఎనిమిది నిండకముందే పంపేవారు ఆగిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు చిప్పులోనే జవాబుంది. ఫైఫోలో ఏదో ఉండి, నాలుగు అక్షరాల కాలం పాటు కొత్తది రాకపోతే, గడువు తీరిందని అది వేరే ఇంటరప్టు ఇస్తుంది. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే తూకంలో చివరి అంకెలు తర్వాతి తూకం వచ్చేదాకా చిప్పులోనే ఇరుక్కుపోయేవి.

ఇంటరప్టు వచ్చాక

లినక్స్‌లో సీరియల్ కోడు తొలిరూపం లినస్ టోర్వాల్డ్స్‌దే. దాన్ని థియడోర్ త్సో విస్తరించాడు. ఆ తర్వాత రసెల్ కింగ్ అన్ని చిప్పులకూ సమానమైన పనిని సీరియల్ కోర్ అనే పొరగా వేరు చేశాడు. దీనితో ఒక కొత్త చిప్పుకు డ్రైవరు రాసేవారు టెర్మినల్ వ్యవహారమంతా మళ్ళీ రాయనక్కర లేకపోయింది. పోర్టును మొదలుపెట్టడం, ఆపడం, పంపడం ప్రారంభించడం, అమరిక మార్చడం, మోడెం తీగలను ఎత్తడం, చదవడం వంటి కొన్ని పనులను నింపి ఇస్తే చాలు. పోర్టు మొదట తెరుచుకున్నప్పుడు డ్రైవరు ఫైఫోలను తుడిచి, పాత స్థితి రిజిస్టర్లను ఒకసారి చదివి ఖాళీ చేసి, ఇంటరప్టు తన పేర నమోదు చేసుకొని, చివరగా చిప్పులో ఇంటరప్టులకు అనుమతిస్తుంది. పీసీలలో ఇక్కడొక పాత తిరకాసు ఉంది. అవుట్2 అనే మామూలు అవుట్‌పుట్ పిన్నును ఎత్తితే తప్ప చిప్పు ఇంటరప్టు ప్రాసెసరును చేరదు. చిప్పు డేటా పత్రంలో ఈ సంగతి ఉండదు; అది ఐబీఎం బోర్డు మీద తీగలు కలిపిన తీరు వల్ల వచ్చింది. దాన్ని మరిచి రాసిన డ్రైవరు బైట్లను పంపగలుగుతుంది గానీ ఒక్క ఇంటరప్టూ అందుకోదు.

ఇంటరప్టు వచ్చిన తర్వాతి పని యార్డులో హమాలీకీ దడవాయికీ మధ్య ఉండే పంపకం లాంటిది. బస్తాలో ఏముందో చూడకుండా వెంటవెంటనే దించడం ఒకరి పని; తీరిగ్గా తూచి రాసుకోవడం మరొకరి పని. ఇంటరప్టు రొటీను మొదటిది. అది తీగ స్థితి రిజిస్టరు చదువుతుంది, బైటు ఉందని అది చెప్పినంత కాలం బైట్లు తీసి, ప్రతిదాని పక్కన దాని మంచిచెడ్డల గుర్తు వేసి, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో, ఫ్లిప్ బఫరు అనే తాత్కాలిక నిల్వలో పడేస్తుంది. ఒక హద్దు దాటితే ఆపి బయటకు వస్తుంది; లేకపోతే చెడిపోయిన చిప్పు ఒకటి మొత్తం యంత్రాన్ని నిలిపేయగలదు. ఇందులో జాగ్రత్తగా చూడవలసిన సంగతి ఒకటుంది. స్థితి రిజిస్టరులోని తప్పుల బిట్లు చదవగానే చెరిగిపోతాయి. మరో పనికోసం, ఉదాహరణకు కెర్నెల్ సందేశాన్ని అదే పోర్టు మీద ముద్రించేటప్పుడు, డ్రైవరు ఆ రిజిస్టరును చదివితే అప్పటికే నమోదైన తప్పు జాడ లేకుండా పోతుంది. అందువల్ల అలా చదివిన చోటల్లా ఆ బిట్లను పక్కన దాచి, తర్వాతి ఇంటరప్టులో కలుపుకోవలసి ఉంటుంది. డ్రైవరు కోడులో చూడటానికి అనవసరంగా తోచే వరుసలు ఎన్నో ఇలాంటి అనుభవాల నుంచి వచ్చినవే.

రెండో పని ఇంటరప్టు ముగిశాక, కెర్నెల్ వెనుక పనుల వరుసలో జరుగుతుంది. ఫ్లిప్ బఫరులోని బైట్లు అక్కడి నుంచి లైన్ డిసిప్లిన్ అనే పొరకు చేరతాయి. టెలిటైపు యంత్రాల ముందు మనుషులు కూర్చుని టైపు చేసిన కాలం నాటి మర్యాదలన్నీ ఈ పొరలో భద్రంగా ఉన్నాయి, కాంటాలకు చిక్కు తెచ్చేది కూడా అదే. లినక్స్‌లో సీరియల్ పోర్టు మామూలుగా 9600 వేగంతో, మనిషి టైపు చేసే టెర్మినల్‌కు తగిన అమరికతో తెరుచుకుంటుంది. అంటే పంక్తి పూర్తయ్యేదాకా ప్రోగ్రాముకు ఏదీ అందదు. వచ్చిన ప్రతి అక్షరం అవతలికి ప్రతిధ్వనిగా తిరిగి వెళ్తుంది. 13 విలువ గల బైటు 10గా మారుతుంది. 19, 17 విలువల బైట్లను వరుసగా పంపడం ఆపు, మళ్ళీ సాగించు అన్న ఆదేశాలుగా తీసుకుంటుంది.

పలు ఇండికేటర్లు తూకాన్ని 2 విలువ గల బైటుతో మొదలుపెట్టి 3 విలువ గల బైటుతో ముగిస్తాయి. టెర్మినల్ లెక్కలో ఆ 3 అంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆపడానికి కీబోర్డు మీద నొక్కే కంట్రోల్-సి. కాబట్టి అమరిక మార్చని పోర్టులోకి తూకం వచ్చి, చివరి బైటు చేరగానే, లైన్ డిసిప్లిన్ దాన్ని ఆదేశంగా తీసుకొని అప్పటిదాకా పోగైన అంకెలన్నిటినీ తుడిచేస్తుంది. కేబులు బాగుంటుంది, చిప్పు లెక్కలో బైట్లు వస్తూనే ఉంటాయి, ప్రోగ్రాముకు మాత్రం ఒక్క అక్షరమూ అందదు. పోర్టు తెరిచిన వెంటనే దాన్ని పచ్చి విధానానికి, అంటే వచ్చింది వచ్చినట్టే ఇచ్చే అమరికకు మార్చడం అన్ని సీరియల్ ప్రోగ్రాములకూ తొలి విధి. మీటర్లు, యంత్రాలతో మాట్లాడే మోడ్‌బస్ వంటి బైనరీ సంభాషణల్లో ఇది మరీ ముఖ్యం. 13 ఒక్కటి 10గా మారినా చివరనున్న సీఆర్‌సీ అనే సరిచూపు సంఖ్య సరిపోలదు, అదీ ఆ విలువ ఎప్పుడు పడితే అప్పుడే కాబట్టి లోపం కనబడీ కనబడకుండా వేధిస్తుంది.

పచ్చి విధానంలోనూ ఒక చదువుకు ఒక తూకం వస్తుందన్న హామీ లేదు. 2 బైటు, ప్లస్ గుర్తు, 0012480 అనే ఏడంకెలు, కిలోలకు రెండక్షరాలు, 3 బైటు కలిపి పన్నెండు బైట్ల వరుస వస్తోందనుకుంటే, ఫైఫో ఎనిమిదో బైటు దగ్గర ఇంటరప్టు ఇస్తుంది. ఆ క్షణాన ప్రోగ్రాము చదివితే చేతికొచ్చేది 001248 వరకే. ముగింపు బైటు కోసం చూడకుండా దొరికిన అంకెలను సంఖ్యగా మార్చేసే ప్రోగ్రాము 12,480 కిలోల లారీని 1,248 కిలోలుగా చూపిస్తుంది. మిగిలిన నాలుగు బైట్లు తర్వాతి చదువులో వచ్చి దాన్నీ పాడుచేస్తాయి. దీన్ని డ్రైవరు తప్పు అనలేం. సందేశం హద్దు దానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వచ్చినదాన్ని కూడబెట్టుకొని, 2 నుంచి 3 దాకా ఉన్నదాన్నే తూకంగా గుర్తించడం ప్రోగ్రాము బాధ్యత. పాత 8250 మీద ఒక్కో బైటే వచ్చేది గనుక అందరూ కూడబెట్టడం నేర్చుకోక తప్పేది కాదు. బఫర్లు పెద్దవైన కొద్దీ చాలాసార్లు మొత్తం ఒకేసారి అందుతూ, రాసేవారిని ఏమరుపాటులోకి దించుతున్నాయి.

ఎన్ని బైట్లు వచ్చేదాకా ఆగాలి, బైటుకూ బైటుకూ మధ్య ఎంతసేపు చూడాలి అన్నవి వీమిన్, వీటైమ్ అనే రెండు విలువలతో ప్రోగ్రాము చెప్పవచ్చు. వీటైమ్ కొలత సెకనులో పదోవంతు. మనిషి టైపింగుకు అది చాలినంత సూక్ష్మం. మోడ్‌బస్ ఆర్‌టీయూలో మాత్రం ఒక సందేశం ముగిసిందనడానికి గుర్తు మూడున్నర అక్షరాల మౌనం. 9600 వేగంలో, అక్షరానికి 11 బిట్ల లెక్కన అది 4 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్ల కొలబద్దతో 4 మిల్లీసెకన్లను కొలవడం కుదరదు. అందుకే ప్రోగ్రాములు సాధారణంగా మౌనాన్ని నమ్మకుండా, సందేశం మొదట్లోని ఫంక్షన్ కోడు నుంచి రావలసిన పొడవును లెక్కగడతాయి. విండోస్‌లో ఇదే అమరిక మిల్లీసెకన్లలో ఉంటుంది. అక్కడ లైన్ డిసిప్లిన్ వంటి పొర లేదు కాబట్టి కంట్రోల్-సి బెడదా లేదు. ఒకే ఇండికేటరు విండోస్‌లో పనిచేసి లినక్స్‌లో మూగబోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

పంపే వైపు, ఆర్ఎస్-485 చిక్కు

పంపడం సాధారణంగా సులువు. ప్రోగ్రాము ఇచ్చిన బైట్లు కెర్నెల్‌లోని వలయాకార బఫరులో చేరతాయి. చిప్పులో చోటు ఖాళీ అయినప్పుడల్లా ఇంటరప్టు వస్తుంది, డ్రైవరు ఫైఫోను నింపుతుంది. బఫరు ఖాళీ కాగానే ఆ ఇంటరప్టును మూసేస్తుంది. రాయమని ఇచ్చిన పిలుపు తిరిగి వచ్చినంత మాత్రాన బైట్లు తీగ మీదకు చేరినట్టు కాదన్నది ఒక్కటే ఇక్కడ గుర్తుంచుకోవలసింది.

ఆర్ఎస్-485 దగ్గరికి వచ్చేసరికి అదే సమస్య అవుతుంది. హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనైనా, మరెక్కడైనా, ప్యానెల్ మీద వరుసగా ఉన్న మీటర్లను, రిలేలను ఒకే జత తీగల మీద కలపవలసి వస్తే సాధారణంగా ఎంచుకునేది ఆర్ఎస్-485. రెండు తీగల మధ్య తేడానే సంకేతం కావడంతో అది కరెంటు లైన్ల గోలను తట్టుకుంటుంది. వేగం తక్కువైతే 1,200 మీటర్ల దాకా పోతుంది. ప్రమాణం ప్రకారం 32 యూనిట్ లోడులను భరిస్తుంది. అయితే ఆ జత మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. కంప్యూటరు ప్రశ్న పంపేటప్పుడు తీగ మీదకు సంకేతాన్ని పంపే తన చిప్పును తీగకు తగిలించి, చివరి బిట్టు పోగానే విడిపించాలి. సాధారణంగా ఆర్‌టీఎస్ అనే అదుపు తీగతో ఈ పని చేస్తారు.

చివరి బిట్టు పోయిందని తెలుసుకోవడంలోనే చిక్కంతా ఉంది. 16550 రకం చిప్పు ఇచ్చే ఇంటరప్టు ఫైఫో ఖాళీ అయిందని మాత్రమే చెబుతుంది. అప్పటికి ఆఖరి బైటు, బిట్లను ఒకటొకటిగా తీగ మీదకు తోసే షిఫ్టు రిజిస్టరులో ఇంకా ప్రయాణంలోనే ఉంటుంది. ఆ ఇంటరప్టు రాగానే తీగను వదిలేస్తే చివరి బైటు నడుమ తెగిపోతుంది. రెండూ ఖాళీ అయ్యాయని చెప్పే బిట్టు స్థితి రిజిస్టరులో ఉంది కానీ, దానికి ఇంటరప్టు లేదు. ఈ పనిని ప్రోగ్రాముకే వదిలేస్తే, అన్నీ పోయాయని కెర్నెల్ చెప్పి, ప్రోగ్రామును మళ్ళీ నడిపించి, అది ఆర్‌టీఎస్‌ను దించేలోగా కొన్ని మిల్లీసెకన్లు గడవవచ్చు; చురుకైన మీటరు ఆలోగానే జవాబు మొదలుపెడితే తొలి బైట్లు ఢీకొని పాడవుతాయి. అందువల్ల లినక్స్ ఈ బాధ్యతను డ్రైవరుకే అప్పగించింది. ప్రోగ్రాము ఒక్కసారి ఆర్ఎస్-485 విధానాన్ని కోరి, పంపే ముందూ పంపిన తర్వాతా ఎంత ఆగాలో చెబితే, డ్రైవరు టైమరుతోనో, చిప్పుకే ఆ నేర్పు ఉంటే దానితోనో దిశ మారుస్తుంది. అన్ని డ్రైవర్లూ దీన్ని అమలు చేయలేదు. కాబట్టి బోర్డు కొనేముందు చూడవలసిన విషయాల్లో ఇది మొదటిదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు కాంటా గదుల్లోని కంప్యూటర్లకు చాలాచోట్ల సీరియల్ పోర్టే ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న కన్వర్టరు ఆ లోటు తీరుస్తుంది. ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సిలికాన్ ల్యాబ్స్ చిప్పులు, చవకరకం సీహెచ్340 తరచుగా కనిపించేవి. ప్రోగ్రాముకు పోర్టు అదే పోర్టులా కనబడుతుంది గానీ, డ్రైవరు పని పూర్తిగా మారిపోతుంది. రిజిస్టర్లు కంప్యూటరుకు అందనంత దూరంలో, కన్వర్టరు లోపల ఉంటాయి. వేగం మార్చడమంటే ఒక అదుపు సందేశం పంపడం. బైట్లు పొట్లాలుగా వస్తాయి. ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232లో 64 బైట్ల పొట్లంలో మొదటి రెండూ తీగ స్థితికి పోగా 62 డేటాకు మిగులుతాయి. పొట్లం నిండకపోతే చిప్పు ఒక గడువు వరకు ఆగి అప్పుడు ఉన్నంత పంపుతుంది, ఆ గడువు మామూలుగా 16 మిల్లీసెకన్లు. ప్రశ్న, జవాబు పద్ధతిలో నడిచే మీటర్ల చదువులో చిన్న జవాబు ప్రతిదానికీ ఈ ఆలస్యం కలుస్తుంది. లినక్స్‌లో దీన్ని 1 మిల్లీసెకనుకు తగ్గించవచ్చు. అయితే బైట్ల మధ్య మౌనాన్ని కొలిచి సందేశపు హద్దు తేల్చే ప్రోగ్రాముకు ఇక్కడ దారి లేదు. తీగ మీది కాలమానం పొట్లంలోకి రానే రాదు.

ఊడదీసి తగిలించడం యూఎస్‌బీతో వచ్చిన మరో బాధ్యత. కన్వర్టరు ఊడినప్పుడు ప్రోగ్రాము ఇంకా పోర్టును తెరిచే ఉంచి ఉండవచ్చు. డ్రైవరు అప్పుడు సంభాషణ తెగిపోయిందని తెలియజేసి, ప్రోగ్రాము మూసేవరకు తన లోపలి నిర్మాణాలను విడవకుండా పట్టుకొని ఉండాలి. ప్రోగ్రాము మూయకముందే కన్వర్టరును మళ్ళీ తగిలిస్తే, టీటీవైయూఎస్‌బీ0 అన్న పేరు ఇంకా వాడుకలో ఉన్నందున కొత్తది టీటీవైయూఎస్‌బీ1 అవుతుంది. పాత పేరును పట్టుకొని వేలాడే తూకం ప్రోగ్రాము దానంతటదే కోలుకోదు. కన్వర్టరు క్రమసంఖ్యను బట్టి ఏర్పడే స్థిరమైన పేరును వాడితే ఈ బాధ తప్పుతుంది. సీహెచ్340లో తరచుగా క్రమసంఖ్యే ఉండదు. అటువంటప్పుడు ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టారో దాన్ని బట్టి ఏర్పడే పేరే దిక్కు. ఇంజినీరింగు కాలేజీల ప్రయోగశాలల్లో ఆర్డుయినో యూనో బోర్డు, పోర్టు తెరిచిన ప్రతిసారీ మొదటికొచ్చే విషయం కూడా ఇటువంటిదే: తెరవగానే డ్రైవరు డీటీఆర్ అనే అదుపు తీగను ఎత్తుతుంది, ఆ బోర్డు మీద ఆ తీగ రీసెట్‌కు కలిపి ఉంటుంది.

ఇన్ని పొరల్లో లోపం ఎక్కడుందో తేల్చడానికి డ్రైవరే కొంత సాక్ష్యం ఉంచుతుంది. ప్రతి పోర్టుకూ పోయిన బైట్లు, వచ్చిన బైట్లు, ఫ్రేమింగు తప్పులు (ముగింపు బిట్టు ఉండవలసిన చోట కనబడకపోవడం), ప్యారిటీ తప్పులు, చిప్పులో పొంగిపోయిన సందర్భాలు, కెర్నెల్ బఫరు పొంగిన సందర్భాలు విడివిడిగా లెక్కలో ఉంటాయి. లినక్స్‌లో రూట్ అధికారంతో పీసీ సొంత పోర్టుల లెక్కను ఒక్క ఫైలులోనే చూడవచ్చు. వచ్చిన బైట్ల లెక్క పెరుగుతూ ప్రోగ్రాముకు ఏమీ అందకపోతే లైన్ డిసిప్లిన్ అమరికను చూడాలి. ఫ్రేమింగు తప్పులు పెరిగితే వేగం తేడానో, ఇండికేటరుకూ కంప్యూటరుకూ ఎర్తింగు వేరువేరుగా ఉండటం వల్ల తీగ మీద కలిసే గోలో అనుమానించాలి. తొలకరి ముందు ఉరుముల వానల రోజుల్లో మాత్రమే అవి పెరుగుతుంటే ఆప్టోకప్లరుతో విడదీసే ఐసొలేటరు పెట్టడం మేలు. చిప్పు పొంగితే ప్రాసెసరు ఇంటరప్టుకు ఆలస్యంగా వస్తోందని అర్థం. కెర్నెల్ బఫరు పొంగితే ప్రోగ్రామే చదవడం మానుకుంది. ఏ తప్పూ లెక్కకెక్కకుండా అంకెల మధ్య పిచ్చి గుర్తులు కనబడుతుంటే, మొదట చూడవలసింది ఆ గుర్తులు 1, 2, 4, 7, 8 చోట్లలోనే పడుతున్నాయా అన్నది.